ష్యూరిటీ సంతకం అడిగితే...

‘ఒక్క సంతకమేగా అక్కా! నువ్వు కాదంటే ఇంకెవర్ని అడగను?’ ఉద్యోగం చేసే ఆడవాళ్ళలో ఈ మాట వినని వాళ్ళు అరుదు. చిట్టీ పాడుకున్న స్నేహితురాలికి ష్యూరిటీ కావాలి. పదేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని, కూరలు పంచుకు తిన్న మనిషి. కాదంటే ఏమనుకుంటుందో! మొహమాటపడి సంతకం పెట్టేస్తాం. లేదంటే ‘మావారిని అడిగి చెప్తా’నంటూ నెల రోజులు తప్పించుకు తిరుగుతాం. నిజానికి ఆయన్ని అడగనే అడగం. ఈ రెండూ స్నేహానికి చేటే.

అసలా సంతకం విలువెంతో తెలుసా? 5 లక్షల చిట్టీ, 25 నెలలు, నెలకు 20 వేలు అనుకోండి. ఆమె 5వ నెలలో పాడుకుంటే ఇంకా 20 వాయిదాలుంటాయి. అంటే 4 లక్షల దాకా! ఆమె కట్టకపోతే ఆ భారం ష్యూరిటీ మీదికొస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవారికీ అంతే. మనం కట్టిన సొమ్ము తర్వాత ఆమె నుంచి రాబట్టుకునే హక్కయితే ఉంది. కానీ స్నేహితురాలి మీద కోర్టుకెక్కాక ఇంకా స్నేహమేమిటి?

అందుకే అడిగే ఆమె ముందు ఉన్నదున్నట్టు చెప్పాలి. డబ్బు దేనికి, ఇప్పటికే ఎన్ని అప్పులున్నాయి, కోతలు పోను జీతం చేతికెంత వస్తోంది, ఒక నెల తప్పితే ఎలా సర్దుతుంది... ఇవన్నీ అవతలివాళ్ళు నోరు తెరిచి అడక్క ముందే చెప్పడం మర్యాద. అమ్మాయి పెళ్ళికని చెప్పి పాత బాకీలకు సర్దితే, నమ్మిన మనిషి కళ్ళకు గంతలు కట్టినట్టే. కట్టలేని నెల వస్తే, నోటీసు కన్నా ముందు ఆ మాట తన నోటి నుంచే వెళ్ళాలి.

సంతకం పెట్టే ఆమెకూ అంతే నిజాయితీ ఉండాలి. ‘నీకు అప్పులెన్ని ఉన్నాయి?’ అని అడగడం అనుమానించడం కాదు. పెట్టలేకపోతే మొదటిరోజే చెప్పేయండి. ‘నాలుగు లక్షలు మీద పడితే మా ఇల్లు తట్టుకోలేదమ్మా, సంతకం పెట్టలేను. పదివేలున్నాయి, అవసరమైతే వాడుకో’ అనండి. పాపం, ఇంట్లో ఆయన మీదికి నెట్టకండి. ఆమె చిన్నబుచ్చుకోవచ్చు. కానీ వేరేవాళ్ళను చూసుకోవడానికో, ఫిక్స్‌డ్ డిపాజిట్టు లాంటిది చూపించే వీలుందేమో కనుక్కోవడానికో వ్యవధి దొరుకుతుంది. మన నాన్చుడుతో పోయేది ఆ వ్యవధే.

అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని పెద్దలు ఊరికే అనలేదు. కాదన్న కోపం నాలుగు రోజులుంటుంది. నోటీసు తెచ్చిన కోపం రెండిళ్ళ మధ్య జన్మంతా ఉండిపోతుంది.