బుల్లెట్లు ఒకచోట పడట్లేదా? స్కోప్ తిప్పకండి, ముందు ఇవి చూడండి

ఈరోజు ఎపిసోడ్ వేట రైఫిల్ గురించి. నేనుండేది టెక్సాస్‌లో. ఇక్కడ లైసెన్సు తీసుకుని సీజన్‌లో జింకల్ని వేటాడొచ్చు. మన ఇండియాలో మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అక్కడి నుంచి చూస్తున్నవాళ్లు ఊరికే తెలుసుకోవడానికి చూడండి, అంతే.

పోయిన సీజన్‌లో 150 గజాల దూరంలో ఒక జింకను కొట్టాను. దెబ్బ తగిలింది, కానీ అది పడలేదు. చీకటి పడేదాకా రక్తపు చుక్కలు చూసుకుంటూ వెతికాం. దొరకలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. పొద్దున్నే రేంజ్‌కి వెళ్లి 100 గజాల్లో ఐదు రౌండ్లు కాల్చాను. నాలుగు అంగుళాల మేర చెదిరిపోయాయి. రెండు నెలల ముందు అదే రైఫిల్ అంగుళంన్నరలో పెట్టింది!

అప్పుడు నేను చేసిన తప్పేంటంటే, ఒక్కో రౌండ్‌కి స్కోప్ నాబ్ తిప్పుకుంటూ పోయాను. స్కోప్ తిప్పితే గ్రూప్ మొత్తం పక్కకి జరుగుతుంది, అంతేగానీ చిన్నది అవ్వదు. ముందు గ్రూప్ దగ్గరపడాలి, ఆ తర్వాతే స్కోప్ జోలికి వెళ్లాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చెక్ చేసేముందు రైఫిల్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ తీసేసి, ఛాంబర్‌లో చూసి, వేలు పెట్టి మరీ చూడండి.

మొదట స్క్రూలు. స్కోప్ బేస్, రింగులు, స్టాక్‌కి బిగించే యాక్షన్ స్క్రూలు. కంపెనీ చెప్పిన లెక్కకి టార్క్ రెంచ్‌తో బిగించాలి. నా బేస్ ముందు స్క్రూ వేలితోనే తిరిగిపోయింది!

రెండోది బ్యారెల్. ఫ్రీ ఫ్లోట్ రైఫిల్ అయితే బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ఒక నోటు పెట్టి లాగండి. ఎక్కడైనా ఇరుక్కుంటే అక్కడ స్టాక్ తగులుతున్నట్టే. చెక్క స్టాక్ అయితే తేమకి ఉబ్బుతుంది కూడా.

మూడోది తూటాలు. ఒకే కంపెనీ, ఒకే బరువు, ఒకే పెట్టెలోవి వాడండి. 150 గ్రెయిన్లవీ 168 గ్రెయిన్లవీ కలిపి కాలిస్తే ఒకచోట పడాలని ఆశపడకూడదు.

నాలుగోది వేడి. వేట రైఫిల్ బ్యారెల్ సన్నగా ఉంటుంది, మూడు నాలుగు రౌండ్లకే కాలిపోతుంది. వేడెక్కేకొద్దీ బుల్లెట్లు పక్కకి జరిగిపోవచ్చు. అందుకే చల్లారనివ్వండి. అడవిలో మీరు కాల్చేది చల్లటి బ్యారెల్‌తో మొదటి రౌండే కదా.

ఇవన్నీ సరిచేసినా నా గ్రూప్ రెండున్నర అంగుళాల దగ్గరే ఆగిపోయింది. అప్పుడు నా ఫ్రెండ్ నాకు చెప్పకుండా మధ్యలో ఒక డమ్మీ రౌండ్ పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కాను, పేలలేదు, కానీ బ్యారెల్ మూతి గభాల్న కిందకి వంగింది! అంటే రైఫిల్ తన్నకముందే నేను ఉలిక్కిపడుతున్నాను. స్క్రూ తప్పు సగం, నా తప్పు సగం. రెండు వారాలు ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ ప్రాక్టీస్ చేశాను. మళ్లీ అంగుళంన్నరకి వచ్చింది.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాలు. 100 గజాల్లో నాలుగు అంగుళాలు చెదిరితే, 200 గజాల్లో ఎనిమిది. ఇంక మీ చేయి కొంచెం వణికినా, గాలి వీచినా, పొరపాటుకి చోటే లేదు. ఆ నొప్పి మనకి కాదు, ఆ జంతువుకి. రేంజ్‌లో ఐదు రౌండ్లు ఒకచోట పడేదాకా అడవికి వెళ్లకండి. నేనూ వెళ్లను. ఉంటానండి.