రేవులో బేరం - గాలిలో కబురు

1997 జనవరి 14వ తేదీ. మన ఇళ్ళ ముందు సంక్రాంతి ముగ్గులు పెడుతున్న వేళ, కేరళ తీరాన వటకర రేవులో 11 మంది జాలరులు పడవ నిండా కవళ్ళతో నిలబడ్డారు. కొనే నాథుడు లేడు! సరిగా అదే సమయానికి, 15 కిలోమీటర్ల లోపునే ఉన్న పక్క రేవుల్లో 27 మంది బేరగాళ్ళు చేపలు దొరకక వట్టి చేతులతో మళ్ళిపోతున్నారు. వారి సంగతి వీరికి తెలియదు, వీరి సంగతి వారికి తెలియదు.

చేప సాయంత్రం దాకా ఆగే సరుకు కాదు. తెల్లవారు జామున మొదలయిన సంత కొద్ది గంటల్లో ముగుస్తుంది. ఒక రేవులో ధర లేదని మరో రేవుకు పోదామంటే నూనె ఖర్చు, పోయేసరికి అక్కడా సంత ముగింపు. అందుచేత పట్టిన చేపల్లో నూటికి 5 నుంచి 8 పాళ్ళు పారబోయవలసి వచ్చేది.

1997-2001 మధ్య కోజికోడ్, కన్నూర్, కాసరగోడ్ ప్రాంతాలకు వరుసగా సెల్ ఫోను వచ్చింది. తీరపు స్తంభాల నుంచి కబురు 20, 25 కిలోమీటర్ల దూరం సముద్రం మీదికీ అందేది. జాలరి నడిసంద్రంలోనే నాలుగు రేవుల ధర విచారించి, పడవ ముక్కు ఎటు తిప్పాలో నిర్ణయించుకోసాగాడు. ఈ మార్పును రాబర్ట్ జెన్సెన్ అనే అమెరికా అర్థశాస్త్రవేత్త 15 రేవుల్లో వారం వారం లెక్కకట్టించి, 2007లో ప్రకటించాడు.

అది చదవగానే నాకొక సందేహం కలిగింది. జాలరి బాగుపడ్డాడంటే, కొనేవారు నష్టపోయి ఉండాలి కదా? అలా జరగలేదు. జాలరి లాభం సగటున నూటికి 8 పాళ్ళు పెరిగింది. చేప ధర నూటికి 4 పాళ్ళు తగ్గింది. పారబోత ఆగిపోయింది. ఇసుకపాలు కావలసిన చేప వంటింటికి చేరింది. ఇద్దరి లాభమూ అందులోనిదే. రేవుకూ రేవుకూ ధరలో ఉండే వ్యత్యాసం బాగా తగ్గడంతో, ఫోను కొనని జాలరికి కూడా కొంత మేలు జరిగింది.

అయితే కబురు రెండువైపులా పదునున్న కత్తి. బేరగాళ్ళంతా అదే ఫోనులో కూడబలుక్కుని ఒకే ధర చెబితే పోటీ ఎక్కడిది? అప్పిచ్చిన దళారికే చేప పోయాలనే కట్టుబాటు ఉన్నచోట, పక్క రేవు ధర తెలిసి ఆ జాలరి చేయగలిగిందేమిటి? చెవిలో కబురు పడినంత మాత్రాన చాలదు. చుక్కాని కూడా అతని చేతిలోనే ఉండాలి.