రియర్ ఏబీఎస్ ఆఫ్ చేయొచ్చా? రెయిన్ మోడ్ ఎప్పుడు పెట్టాలి?

గత నెల రోజులుగా నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, నా బండిలో రియర్ ఏబీఎస్ ఆఫ్ చేసే ఆప్షన్ ఉంది. సిటీలో కూడా ఆఫ్‌లోనే పెట్టుకుంటున్నా, వెనక టైర్ స్కిడ్ కొడితే భలే ఉంటుంది. ప్రాబ్లం ఏమన్నా ఉందా?" ఉంది. తారు రోడ్డు మీద ఆ ఆప్షన్ జోలికి పోవద్దు. ఎందుకో చెప్తా, అలాగే నిజంగా ఆఫ్ చేయాల్సిన చోటు ఏదో కూడా చెప్తా.

ముందు ఏబీఎస్ ఏం చేస్తుందో చూద్దాం. చక్రం పక్కన చిల్లులున్న చిన్న రింగ్ ఒకటి కనిపిస్తుంది, దానికి ఎదురుగా సెన్సార్. చక్రం ఎంత స్పీడ్‌గా తిరుగుతుందో అది లెక్కపెడుతూ ఉంటుంది. మీరు బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు చక్రం ఒక్కసారిగా ఆగిపోబోతే, లోపలున్న వాల్వ్ బ్రేక్ ప్రెషర్‌ని కాస్త వదిలి మళ్లీ పడుతుంది. సెకనుకి చాలాసార్లు. మీ వేలికి, కాలికి టకటకా తగిలేది అదే. అది తగలగానే "బ్రేక్‌కి ఏదో అయ్యింది" అనుకుని లివర్ వదిలేసేవాళ్లు ఉన్నారు. వదలొద్దు! ఆ టకటక వచ్చిందంటే సిస్టమ్ పని చేస్తోందని అర్థం. అలాగే పట్టుకుని ఉండండి.

ఏబీఎస్ కొత్తగా గ్రిప్ పుట్టించదు. రోడ్డు, టైర్ కలిసి ఎంత గ్రిప్ ఇస్తాయో అంతే. చిన్న లెక్క చూడండి. 60 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్నారు. పొడి రోడ్డు, మంచి టైర్, ఫ్రిక్షన్ 0.7 అనుకుంటే బ్రేక్ పడ్డాక ఆగడానికి సుమారు 20 మీటర్లు. అదే రోడ్డు తడిసి ఫ్రిక్షన్ 0.4కి పడిపోతే 35 మీటర్లు. మీరు ప్రమాదం చూసి బ్రేక్ పట్టడానికి ఒక సెకను పడితే దానికి ఇంకో 17 మీటర్లు కలపండి. ఏ మోడ్ పెట్టినా ఆ 35 మళ్లీ 20 అవదు. ఆ దూరమంతా బండి పడిపోకుండా నిలబడాలి, మీరు హ్యాండిల్ తిప్పగలగాలి. ఏబీఎస్ ఉన్నది అందుకే.

ఇప్పుడు రెయిన్ మోడ్. అపాచీ ఆర్‌టీఆర్ 200 4వీకి 2020లో స్పోర్ట్, అర్బన్, రెయిన్ మోడ్స్ ఇచ్చారు. స్పోర్ట్‌లో పవర్ 20 పీఎస్ పైన, మిగతా రెండింటిలో 17 చిల్లర. రెయిన్‌లో ఏబీఎస్ ఇంకాస్త తొందరగా కలగజేసుకుంటుంది. మిగతా బండ్లలోనూ ఐడియా ఇంచుమించు ఇదే: థ్రాటిల్ మెత్తబడుతుంది, కాపలా పెరుగుతుంది. హైదరాబాద్‌లో మొదటి వాన పడిన పావుగంట ఉంటుంది చూడండి, ఎండాకాలమంతా రోడ్డుకి పట్టిన ఆయిల్, దుమ్ము కలిసి సబ్బు నీళ్లలా తయారవుతాయి. రెయిన్ మోడ్ అప్పుడే పెట్టాలి. గంటసేపు కుండపోత కురిసి రోడ్డు కడిగేశాక కంటే ఆ మొదటి పావుగంటే ఎక్కువ జారుతుంది. జీబ్రా క్రాసింగ్ పెయింట్, మ్యాన్‌హోల్ మూతలు మాత్రం వాన మొదట్లోనైనా చివర్లోనైనా జారుడే.

ట్రాక్షన్ కంట్రోల్ విషయానికొస్తే, ముందు చక్రం కంటే వెనక చక్రం ఎక్కువ తిరుగుతోందని కనిపెట్టి ఇంజిన్ పవర్ కోస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా, కొంతమందికి నచ్చకపోవచ్చు. 150 సీసీ బండికి ట్రాక్షన్ కంట్రోల్ ఉందని ఎక్కువ డబ్బులు పెట్టనక్కర్లేదు. పొడి రోడ్డు మీద ఆ ఇంజిన్‌కి వెనక టైర్‌ని తిప్పేసేంత బలం ఉండదు. తడి పెయింట్ మీద, ఇసుక మీద పనికొస్తుంది, కాదనను. కానీ అదే డబ్బు డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ ఉన్న వేరియంట్ మీద, మంచి టైర్ల మీద పెట్టండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి అయ్యింది. అయితే సింగిల్ ఛానల్ ఉన్నా రూల్ ప్రకారం సరిపోతుంది. సింగిల్ ఛానల్ అంటే ముందు చక్రానికి మాత్రమే. మీ బండి అదైతే వెనక చక్రం ఎప్పుడైనా లాక్ అవుతుంది, స్విచ్ గొడవే లేదు.

మరి రియర్ ఏబీఎస్ ఆఫ్ చేసే ఆప్షన్ ఎందుకిచ్చారు? హిమాలయన్‌లో, కేటీఎం 390 అడ్వెంచర్ ఆఫ్‌రోడ్ మోడ్‌లో అది సరదాకి పెట్టింది కాదు. వదులు కంకర మీద నిటారు దిగుడు ఊహించుకోండి. చక్రం లాక్ అయితే టైర్ ముందు మట్టి, రాళ్లు కుప్పగా చేరి అడ్డుపడతాయి, బండి ఆగుతుంది. ఏబీఎస్ ఆన్‌లో ఉంటే చక్రం జారిన ప్రతిసారీ బ్రేక్ వదిలేస్తుంది, కుప్ప చేరనివ్వదు. మీరు పెడల్ తొక్కుతూనే ఉంటారు, బండి దిగిపోతూనే ఉంటుంది. అక్కడ రియర్ ఆఫ్ చేయడం కరెక్ట్. ముందుది మాత్రం ఆన్‌లోనే ఉండాలి, ఎందుకంటే వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది లాక్ అయితే సర్దుకునే టైమే దొరకదు. బురద ఎక్కుడులో ట్రాక్షన్ కంట్రోల్‌ది కూడా ఇదే కథ. చక్రం కొంచెం తిరిగితేనే బండి పైకి వెళ్తుంది, పవర్ కోసేస్తే నల్లరేగడిలో మధ్యలోనే ఆగిపోతారు.

ఇక్కడ చాలామంది తికమకపడేది కలగలుపు రోడ్ల దగ్గర. వరి కోతల టైంలో పల్లెల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. టైర్ కింద అవి బాల్ బేరింగ్ గుళ్లలాగే దొర్లుతాయి. "వదులుగా ఉంది కదా, ఆఫ్ చేద్దాం" అనిపిస్తుంది. వద్దు. పది మీటర్ల తర్వాత మళ్లీ తారు వస్తుంది. వడ్ల మీద లాక్ అయి పక్కకి జారుతున్న చక్రం తారు మీదకి రాగానే ఒక్కసారిగా పట్టు దొరికి బండిని విదిలిస్తుంది. ఆన్‌లోనే ఉంచండి, వడ్లు మొదలవ్వకముందే స్పీడ్ తగ్గించండి, వాటి మీద బ్రేక్ ముట్టుకోకుండా దాటండి. దారి పొడవునా వదులు నేలే ఉండి, మీరు నెమ్మదిగా పోతుంటేనే ఆ ఆప్షన్ వాడాలి.

ఘాట్ రోడ్లు ఇంకోరకం. మారేడుమిల్లి, అరకు, శ్రీశైలం, ఏదైనా సరే, పొద్దున్నే మంచుకి మలుపులు తడిగా ఉంటాయి. మామూలు ఏబీఎస్ చక్రం లాక్ అవకుండా చూస్తుంది కానీ బండి ఎంత వంగి ఉందో దానికి తెలియదు. 390 అడ్వెంచర్ లాంటి కొన్నిటిలో వంపు కొలిచే సెన్సార్ ఉంటుంది, అది కార్నరింగ్ ఏబీఎస్. మీ బండిలో లేకపోతే బ్రేకింగ్ అంతా మలుపుకి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. మోడ్ రోడ్ లేదా రెయిన్. ఆఫ్‌రోడ్ మోడ్‌లో ఘాట్ దిగకండి.

చివరిగా ఒక పని చేయండి. ఖాళీ గ్రౌండ్ పక్కన మనుషుల్లేని తిన్నని రోడ్డు చూసుకోండి. హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్ వేసుకుని 30 స్పీడ్‌లో నిటారుగా వెళ్తూ వెనక బ్రేక్ గట్టిగా తొక్కండి. తర్వాత రెండు బ్రేకులు కలిపి, ముందుది మెల్లగా పెంచుతూ. ఆ టకటక ఎలా ఉంటుందో మీ కాలికి, చేతికి తెలియాలి. చాలా బండ్లలో కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఏబీఎస్ తిరిగి ఆన్ అయిపోతుంది, మీ దాంట్లో ఎలాగో మాన్యువల్‌లో చూడండి. బండి కదిలాక కూడా మీటర్‌లో ఏబీఎస్ లైట్ వెలుగుతూనే ఉంటే, ఆఫ్‌లో అన్నా ఉంది, సెన్సార్ అన్నా పోయింది. ఆఫ్‌లో లేకపోతే సర్వీస్‌కి తీసుకెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో టైర్ ప్రెషర్ గురించి మాట్లాడుకుందాం. బై.