విజ్ఞాన కల్పనా చిత్రములపై స్టాన్లీ కుబ్రిక్ ప్రభావము

ఒక దర్శకుని చిత్రములో మరియొకరి ఛాయలు కనిపించినచో "ఇది అనుకరణ" అని తేలికగా త్రోసివేయుట మనకు అలవాటు. కాని ప్రభావము వేరు, అనుకరణము వేరు. ఈ భేదమును గ్రహించుటకు విజ్ఞాన కల్పనా చిత్రములపై స్టాన్లీ కుబ్రిక్ (1928–1999) ప్రసరించిన ప్రభావము కంటె తగిన ఉదాహరణము మాకు తోచలేదు.

కుబ్రిక్ అమెరికాలో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన దర్శకుడు. ఆయన అప్పటికి సింహళములో నివసించుచున్న రచయిత ఆర్థర్ సి. క్లార్క్‌తో కలిసి రచన సాగించి, "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" అను చిత్రమును 1968లో విడుదల చేసినారు. మానవుడు చంద్రునిపై పాదము మోపుటకు ఇంకను ఒక సంవత్సరము గడువున్నది. అంతకు పూర్వము వచ్చిన అంతరిక్ష చిత్రములలో అనేకము వింత జంతువులతోను, కిరణముల తుపాకులతోను ప్రేక్షకుని భయపెట్టి వినోదింపజేసినవే.

కుబ్రిక్ శైలికి ఆధారము భౌతికశాస్త్రము. అంతరిక్షమున గాలి లేదు గనుక ధ్వని ప్రసరింపదు. అందుచేత నౌక వెలుపలి దృశ్యములలో ఆయన యంత్రముల రొద వినిపింపలేదు. వ్యోమగామి ఊపిరి చప్పుడో, సంగీతమో, లేక సంపూర్ణ నిశ్శబ్దమో మాత్రమే వినవచ్చును. భారరహిత స్థితిలో మనుష్యుడు నడచుటకు నౌకలోని భాగము గుండ్రముగా తిరుగవలెను. ఆ భ్రమణమే గురుత్వాకర్షణ వంటి బలమును కలిగించును. దీనిని చూపుటకు 38 అడుగుల వ్యాసము గల తిరుగుడు చక్రమును నిజముగానే నిర్మించినారు. చక్రము తిరుగుచుండగా నటుడు అడుగుభాగముననే నడచును. కెమెరాను చక్రమునకు బిగించినపుడు అతడు గోడ మీదుగా నడచుచున్నట్లు మనకు తోచును. ఇక సంభాషణలు మిక్కిలి తక్కువ. చిత్రారంభమున దాదాపు 25 నిమిషముల వరకు ఒక్క మాటయు వినిపించదు. ప్రశాంతముగా మాటలాడుచునే సిబ్బందిని వధించు "హాల్ 9000" అను ఎఱ్ఱకన్ను కంప్యూటరు ఈ చిత్రమునకు మరియొక ప్రత్యేకత.

ఈ శైలి రెండు మార్గములలో వ్యాపించినది. మొదటిది మనుష్యుల ద్వారా. కుబ్రిక్ వద్ద దృశ్య మాయాజాలమును సాధించిన డగ్లస్ ట్రంబుల్ 1972లో "సైలెంట్ రన్నింగ్" చిత్రమునకు స్వయముగా దర్శకత్వము వహించి, 1982 నాటి "బ్లేడ్ రన్నర్" చిత్రమునకును పని చేసినారు. వానర వేషములను తీర్చిన స్టువర్ట్ ఫ్రీబార్న్ తరువాత "స్టార్ వార్స్" చిత్రములలోని పాత్రలకు రూపకల్పన చేసినారు.

రెండవ మార్గము భావముల ద్వారా. 1977లో జార్జి లూకాస్ "స్టార్ వార్స్"లో మహా నౌకల గాంభీర్యమును గ్రహించినారు గాని నిశ్శబ్దమును గ్రహింపలేదు. ఆయన కథ యుద్ధకథ, దానికి చప్పుడు కావలెను. 1979లో రిడ్లీ స్కాట్ "ఏలియన్"ను నిర్జనమైన నౌకలోని నెమ్మది దృశ్యములతో ప్రారంభించినారు; అయితే ఆయన నౌక కుబ్రిక్ నౌకవలె తెల్లగా మెరయదు, కార్మికుల కర్మాగారమువలె మాసియున్నది. 2013 నాటి "గ్రావిటీ", 2014 నాటి "ఇంటర్‌స్టెల్లార్" చిత్రములలో శూన్యమునందలి నిశ్శబ్దము మరల వినవచ్చును.

విభేదించుట సైతము ఒక ప్రభావమే. 2001 చిత్రము హృదయములేని యంత్రశోభ యని భావించిన రష్యా దర్శకుడు టార్కోవ్‌స్కీ, 1972లో "సొలారిస్" చిత్రమున అంతరిక్ష కేంద్రములో మానవుని జ్ఞాపకములను, అంతరాత్మను నిలిపినారు. 2009లో వచ్చిన "మూన్" చిత్రములోని యంత్రము హాల్ వలె మృదువుగా మాటలాడును. అదియు ద్రోహము చేయునని మనము శంకించుచుండగా, అది కథానాయకునికి తోడ్పడును. కుబ్రిక్ చిత్రమును చూచినవారికి ఈ మలుపు రెట్టింపు ఆనందము నిచ్చును.

ఇది మన కళాశాల విద్యార్థులకు క్రొత్త విషయము కాదు. ఉర్దూ తరహీ ముషాయిరాలో ఒకే మిస్రా నిచ్చి, అదే ఛందస్సున, అదే కాఫియా రదీఫులతో కవులందరిచే గజళ్ళు చెప్పింతురు. తెలుగు సమస్యాపూరణమున ఒకే పాదమును పలువురు కవులు పలువిధముల పూరింతురు. ఇచ్చిన పాదము ఒకరిదే. పూరణమున తేజరిల్లునది ఎవరి ప్రతిభ వారిదే. కుబ్రిక్ ఇచ్చిన పాదమును లూకాస్, స్కాట్, టార్కోవ్‌స్కీ పూరించిన తీరు ఇట్టిదే.

తెల్లని నడవలను, ఎఱ్ఱకన్ను యంత్రములను మాత్రము తెచ్చుకొన్నవారికి మిగులునది పైపూత మాత్రమే. నిశ్శబ్దము వెనుక నున్న శాస్త్రమును, నెమ్మది వెనుక నున్న ఆలోచనను గ్రహించినవారే గురువునకు ఋణము తీర్చుకొనగలరు. ఈ సంచికలోనే మొదటి కవితయో, మొదటి కథయో ప్రకటించుచున్న మన సోదర సోదరీమణులు తమ అభిమాన రచయిత ఛాయ తమ రచనలో కనిపించినదని సిగ్గుపడ నక్కరలేదు. దేనిని గ్రహించితిమి, ఎందుకు గ్రహించితిమి, దానికి మనము చేర్చిన దేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనగలిగిన చాలును.