పలక మారింది... మరి చదువు?

పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే చాలు... కోనసీమ పిల్లలు, వాళ్లకన్నా ఎక్కువగా అమ్మానాన్నలు అయినవిల్లి సిద్ధివినాయకుణ్ని తలచుకుంటారు. స్వామి దగ్గర పూజలో ఉంచిన పెన్నుల్ని ఏటా అక్కడ విద్యార్థులకు పంచుతారు. ఆ మండలంలోనిదే గౌతమి గట్టున, కోటిపల్లికి ఎదురు రేవులో ఉన్న ముక్తేశ్వరం. ఒకప్పుడు ఆ ఊరి పిల్లల చేతిలో పలక, ఆ తర్వాత పెన్ను. ఇప్పుడు ఫోను, ట్యాబు! 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది.

చేతిలో వస్తువు మారింది సరే... చదువు మారిందా?

ఇస్తే సరిపోదు!

దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. 319 బడుల్ని పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. లెక్కల్లోగానీ భాషలోగానీ పిల్లలు మెరుగుపడిన దాఖలా కనిపించలేదు. యంత్రాన్ని పాఠంతో ఎలా ముడిపెట్టాలో స్పష్టమైన దారి లేకపోవడం అందుకో కారణం.

మన ఢిల్లీలో ఇందుకు భిన్నంగా జరిగింది. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో ఆరు వందల మందికి పైగా పిల్లలతో చేసిన అధ్యయనం ఇది. కంప్యూటర్ ముందుగా ఎవరికి ఎంత వచ్చో చూస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లాడికి నాలుగో తరగతి భాగహారమే రాకపోతే అక్కడి నుంచే మొదలుపెడుతుంది. పక్కనే చిన్న బృందానికి సాయం చేసే టీచరూ ఉంటారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో మంచి ఫలితం వచ్చిందని 2019లో ప్రచురించారు. తేడా ఎక్కడుందంటే... ఇక్కడ పిల్లాడు పాఠం వెనక పరిగెత్తలేదు, పాఠమే పిల్లాడి దగ్గరికొచ్చింది.

మన దగ్గరా చేశారు

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ల క్రితమే సుగతా మిత్రా బృందం ఓ చిత్రమైన ప్రయోగం చేసింది. మాట్లాడితే అక్షరాలుగా మార్చే కంప్యూటర్‌ని 16 మంది పిల్లలకు అప్పగించింది. మొదట్లో వాళ్ల ఇంగ్లిషు దానికి ఒక పట్టాన అర్థం కాలేదు. దాంతో పిల్లలే ఒకరినొకరు సరిదిద్దుకుంటూ సాధన చేశారు. కొన్ని నెలలకి ఉచ్చారణ బాగుపడింది!

2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలదీ ఇదే బాట. పదో తరగతి పూర్తిచేసిన పల్లె పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. తెర మీద పాఠం వినడం, సొంతంగా చేసి చూడటం, చిక్కొస్తే మెంటర్‌ని అడగటం... అదీ పద్ధతి. దానికి తొలి కులపతి శ్రీకాళహస్తి దగ్గరి పల్లెలో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి.

అమ్మమ్మే పాఠ్యపుస్తకం

ఇంత పెద్ద ఏర్పాట్లు లేని ఊరి బడిలో ఏం చేయొచ్చు? ఒక్క ఫోనుతోనే చాలా చేయొచ్చు. తెలుగులో బ్లాగు రాయడానికి పైసా ఖర్చు లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఎవరైనా తమ ఊరి గురించి ఆధారాలతో రాయొచ్చు.

ఉదాహరణకు ముక్తేశ్వరం పిల్లలకు ‘వరద’ పాఠం ఉందనుకోండి. 1986 ఆగస్టులో గోదారి పొంగినప్పుడు ఏం జరిగింది? 1996 నవంబరు తుపానుకి కొబ్బరి తోటలు ఏమయ్యాయి? ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఫోనులో రికార్డు చేయాలి. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చిందని లెక్క. అంటే సెకనుకి ఎన్ని లీటర్లో వాళ్లే కట్టాలి. అప్పుడు అదే పాఠం తెలుగు, సాంఘికం, లెక్కలు... మూడూ అవుతుంది.

టీచరు ఒక్కరే దిద్దే నోటు పుస్తకంలో రాయడం వేరు, ఎక్కడో అమెరికాలో ఉన్న పెదనాన్న కూడా చదువుతాడని తెలిసి రాయడం వేరు. రెండోదాంట్లో తప్పు దొర్లకూడదన్న పట్టుదల దానంతటదే వస్తుంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. బ్లాగు టీచరు పేరుతోనే ఉండాలి. పిల్లల ఫొటోలు, ఇంటి చిరునామా, ఫోను నంబర్లు పెట్టకూడదు. ఇప్పుడు కృత్రిమ మేధని అడిగితే క్షణంలో వ్యాసం వచ్చేస్తుంది. దాన్ని దించేస్తే పిల్లలకు మిగిలేది సున్నా. అది చెప్పింది నిజమో కాదో తాతయ్యని అడిగి తేల్చుకుంటే మాత్రం అదో మంచి పాఠం.

ఇంట్లో ఒకటే ఫోను ఉంటే నాన్న పని నుంచి వచ్చాకే అది పిల్లల చేతికి దొరుకుతుంది. ఆ అరగంటా వీడియోలు చూడటానికా, ఏదైనా తయారుచేయడానికా? ఈ ఆదివారం మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఊరి గురించి వాళ్లకు తెలుసుకోవాలనిపించేది ఏమిటో ఓసారి అడిగి చూడండి.