చదివేటప్పుడే లాక్ వేయాలి

ట్రాన్సాక్షన్ అనగానే మనందరం ఏసిడ్ ప్రాపర్టీస్ నాలుగూ గడగడా అప్పజెప్పేస్తాం. కానీ కోడ్ మొత్తం బిగిన్, కమిట్ మధ్య పెట్టేస్తే ఇక భయం లేదనుకోకండి. ఎందుకో చెప్తాను.

మీ అకౌంట్‌లో 5,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఊళ్లో నాన్న సెమిస్టర్ ఫీజు కోసం 40,000 జమ చేస్తున్నారు. సరిగ్గా అదే క్షణంలో ఇక్కడ మీరు బిర్యానీకి 200 కడుతున్నారు. రెండు ప్రోగ్రాములూ బ్యాలెన్స్ చదివాయి, రెండింటికీ 5,000 కనిపించింది. మొదటిది 40,000 కలిపి 45,000 అని రాసింది. రెండోది తను చదివిన పాత 5,000 లోంచి 200 తీసేసి, దానిమీదే 4,800 అని రాసింది. నాన్న వేసిన డబ్బు మాయం! ఎవరూ దొంగిలించలేదు, ఎర్రర్ కూడా రాలేదు. దీన్నే లాస్ట్ అప్‌డేట్ అంటారు.

మరి ట్రాన్సాక్షన్ ఏం చేస్తున్నట్టు? దాని పని అది చేసింది. మధ్యలో కరెంటు పోయినా పని సగంలో మిగిలిపోదు: అయితే అంతా అవుతుంది, లేదంటే ఏదీ అవ్వదు. కానీ పోస్ట్‌గ్రెస్‌లో డీఫాల్ట్‌గా ఉండే రీడ్ కమిటెడ్ లెవెల్‌లో మామూలు సెలెక్ట్ ఎవరినీ ఆపదు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో డీఫాల్ట్ రిపీటబుల్ రీడ్, అక్కడా ఇదే కథ.

మందు చిన్నదే. సెలెక్ట్ చివర 'ఫర్ అప్‌డేట్' అని చేర్చాలి. అప్పుడు మొదట వచ్చిన ట్రాన్సాక్షన్ ఆ రోని లాక్ చేస్తుంది. రెండోది కూడా 'ఫర్ అప్‌డేట్' తోనే చదవబోయి, మొదటిది కమిట్ అయ్యేదాకా ఆగుతుంది. ఆ తర్వాత దానికి 45,000 కనిపిస్తుంది, 44,800 రాస్తుంది. లెక్క సరిపోయింది. లాక్ పడింది ఒక్క రోకే కాబట్టి మిగతా అకౌంట్ల పని ఆగదు.

లాక్ వాడేటప్పుడు నేను రెండు విషయాలు చూసుకుంటాను. ఒకటి, లాక్ పట్టుకుని ఓటీపీ కోసం ఎదురుచూడకూడదు. ట్రాన్సాక్షన్ ఎంత చిన్నదైతే అంత మంచిది. రెండు, డెడ్‌లాక్. ఒకరు 'ఎ' లాక్ చేసి 'బి' కోసం, ఇంకొకరు 'బి' లాక్ చేసి 'ఎ' కోసం ఆగితే ఇద్దరూ కదలరు. డేటాబేస్ అది కనిపెట్టి ఒకదాన్ని రద్దు చేస్తుంది, మన కోడ్ దాన్ని మళ్లీ ప్రయత్నించాలి. ఎప్పుడూ చిన్న అకౌంట్ నంబర్ నుంచే లాక్ చేస్తూ వెళ్తే ఈ చిక్కు చాలావరకు రాదు.

నమ్మకం కుదరకపోతే రెండు టెర్మినల్స్ తెరిచి, రెండింటిలోనూ బిగిన్ కొట్టి, ఒకే రోని 'ఫర్ అప్‌డేట్' తో చదవండి. రెండోది ఎలా ఆగిపోతుందో మీకే కనిపిస్తుంది.