చోటు ఖర్చు, సమయం మిగులు

ఫోను ఆన్ చేసింది కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా, తెర మీద కంపెనీ బొమ్మ వెలుగుతున్న ఆ కొద్ది సెకన్లలోనే లోపల ఒక నిబంధనావళి మెమరీలోకి ఎక్కుతుంది. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు తెరవవచ్చు, కెమెరాను ఎవరు ముట్టుకోవచ్చు అని తేల్చేది అదే. దాని పేరు ఎస్‌ఈలైనక్స్ పాలసీ. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఎస్‌ఈలైనక్స్ అనే ఈ భద్రతా వ్యవస్థను 2000లో బయటపెట్టింది. నిఘా సంస్థది కదా అని జంకనక్కర్లేదు, కోడ్ అందరి ముందూ పరిచే ఉంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లలో ఇది పూర్తిగా అమల్లో ఉంది.

మనుషులు చదవగలిగేలా రాసిన ఈ నిబంధనలు ఫోను వ్యవస్థకు కేంద్రమైన కెర్నెల్‌కు నేరుగా అర్థం కావు, దానికి తెలిసే రూపంలోకి మార్చాలి, అంటే కంపైల్ చేయాలి. పైగా 2017 నాటి ఆండ్రాయిడ్ 8 నుంచి అవి రెండు చోట్ల ఉంటున్నాయి: ఆండ్రాయిడ్ వాటా ఒకటి, ఫోను తయారీదారు వాటా మరొకటి. ఆన్ చేసిన ప్రతిసారీ రెంటినీ కలిపి కంపైల్ చేస్తూ కూర్చుంటే ఆలస్యం. అందుకే కలిపేసిన ప్రతిని ముందే స్టోరేజీలో పెడతారు.

తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లే రైతు ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సులు ముందే కవర్లో పెట్టుకున్నట్టే ఇది. కవరు బరువు కాస్త పెరుగుతుంది, జిరాక్స్ షాపు దగ్గర నిలబడటం తప్పుతుంది. అయితే ఈలోగా పాసుపుస్తకంలో విస్తీర్ణం మారిందా, పాత జిరాక్సు చెల్లదు. ఫోనుకూ ఈ బెడద ఉంది. అప్‌డేట్‌లో ఒక వాటా మారితే సిద్ధంగా ఉన్న ప్రతి పాతబడుతుంది. ఆ ప్రతితోపాటు దాచిన హ్యాష్‌లను, అంటే ఫైళ్ల వేలిముద్రల్లాంటి అంకెలను, ఫోను సరిచూస్తుంది. కలవకపోతే కొత్తగా కంపైల్ చేస్తుంది. నా లెక్కలో అసలు తెలివి ప్రతిని దాచడంలో కంటే ఈ సరిచూడటంలోనే ఉంది.

ఎస్‌ఈలైనక్స్ వాడే ఫెడోరా, రెడ్‌హ్యాట్ సర్వర్లలో చోటుకూ సమయానికీ మధ్య బేరం ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ వందల పాలసీ మాడ్యూళ్లను బీజిప్‌తో కుదించి దాస్తారు. కొత్తది ఒక్కటి చేర్చినా మిగతావన్నీ విప్పాల్సి రావచ్చు. ఈ మాడ్యూళ్లను చూసుకునే సెమేనేజ్ సెట్టింగుల ఫైల్లో బీజిప్ బ్లాక్‌సైజ్‌ను 9 నుంచి 0కు మారిస్తే కుదింపు ఆగుతుంది, విప్పే పని ఉండదు, ఫైళ్లు మాత్రం పెరుగుతాయి. నిబంధనలు అవే కనుక కాపలా సడలదు. వందల జీబీల డిస్కు ఉన్న సర్వర్లో ఈ మార్పుకు వెనకాడాల్సిన పని లేదు. 16 ఎంబీ ఫ్లాష్‌తో నడిచే వైఫై రౌటర్లో మాత్రం ఈ దర్జా కుదరదు. అలాంటి వాటికి పాలసీని పెద్ద కంప్యూటర్ మీద కంపైల్ చేసి, తయారైన ఫైలు ఒక్కటే ఎక్కించడం మేలు.